మధ్యాహ్నం విప్పిన తాళ్ళు

మా అపార్ట్‌మెంట్ డాబా మీద నీలం డ్రమ్ములో ఒక జామ మొక్క ఉంది. రెండో అంతస్తులో కొత్తగా దిగిన దంపతులు కడియం నర్సరీ నుంచి తెచ్చి పెట్టుకున్నారు. మొన్న బట్టలు ఆరేయడానికి పైకి వెళితే దాని కొమ్మలకు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలు వేలాడుతున్నాయి. ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఫోన్లో ఫోటోలు తీసుకుంటోంది.

"కొమ్మలు ఇలా కిందికి వంచితే కాయలు బాగా కాస్తాయటండి ఆంటీ. వీడియోలో చూశాం," అంది.

"అలాగా అమ్మా," అన్నాను, ఏమీ తెలియనిదానిలా.

ఆ అమ్మాయి దిగిపోయేదాకా ఆగి దగ్గరికి వెళ్ళి చూశాను. సీసాలు మరీ బరువు. తాడు కొమ్మ కొసన కట్టారు. అక్కడ కడితే కొస ఒక్కటే వేలాడుతుంది, మధ్యభాగం పైకే లేచి ఉంటుంది. ఒక లేత ఆకు తుంచి వేళ్ళతో నలిపి వాసన చూశాను. అంతే, ఎప్పుడో ఆరిపోయిందనుకున్న కడుపుమంట మళ్ళీ మొదలైంది. ఈ వయసులో మోకాళ్ళ నొప్పులు రావాలి గానీ ఈర్ష్య రావడమేంటని నాకే నవ్వొచ్చింది. నవ్వొచ్చినంత మాత్రాన మంట తగ్గలేదు.

మా తాతయ్య నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టేవాడు. ఒకరి తోటలో ఒకరోజు, ఇంకొకరి తోటలో ఇంకొకరోజు పని. అలా చేసి చేసి, కాలువ గట్టు కింద అర ఎకరం సొంతంగా సంపాదించుకుని అందులో జామ వేశాడు. ఆ చెట్లంటే ఆయనకు ప్రాణం. రెండు మూడేళ్ళ చెట్టు ఏపుగా ఎదుగుతుంటే అందరూ మురిసిపోతారు, తాతయ్య మాత్రం మొహం చిట్లించేవాడు.

"నిటారుగా ఎదిగే కొమ్మకి ఆకాశం మీదే ధ్యాస. ఆకులేసుకుంటా పోద్ది. దాన్ని పడుకోబెట్టామనుకో, ఏం తోచక కాస్తాది," అనేవాడు.

పడుకోబెట్టడానికి వేసవి సెలవులే అదును. కాలువ కట్టేసేవారు. నీళ్ళు లేని కాలువలో బురద ఎండుతూ ఒక రకం నీచు వాసన వేసేది. మిగిలిన గుంటల్లో మట్టగిడసలు పట్టడానికి ఊళ్ళో పిల్లలంతా అందులోనే ఉండేవారు. నేనూ వెళ్ళేదాన్నే గానీ, తెల్లవారుజాము నుంచి చద్దన్నం వేళ వరకూ మాత్రం నన్ను ఎవరు పిలిచినా కదిలేదాన్ని కాదు. ఆ వేళ నేను తాతయ్య మనిషిని.

పని ఇలా ఉండేది. తాతయ్య ముందు కొమ్మకున్న ముదురు ఆకులు దూసేసి, కొసన నాలుగు ఉంచేవాడు. కొబ్బరి తాడు కొమ్మ నడుముకు వదులుగా కట్టి, రెండో కొస నేలలో దిగ్గొట్టిన మేకుకు చుట్టేవాడు. లేత కొమ్మలకైతే మేకు అక్కరలేదు, పెంకు ముక్కకు తాడు చుట్టి వేలాడదీస్తే చాలు. పెంకు ముక్కలు గాలికి ఒకదానికొకటి తగిలి టక్కుటక్కుమనేవి. ఆయన ముడి వేస్తున్నంతసేపూ ఎవరో ఒకరు ఆ కొమ్మను కిందికి వంచి కదలకుండా పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు నేనే. మా అన్నయ్యకు ఓపిక లేదు, నాన్నకు తీరిక లేదు. కొమ్మ పట్టడమంటే ఈ లోకంలో నా ఒక్కదాని పని అని నాకు నమ్మకం.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది, వేసవి మొదట్లోనే మా మేనత్తకు జబ్బు చేసింది. ఊపిరితిత్తుల జబ్బు. చాలా నెలలు ఆసుపత్రిలోనే ఉండాలన్నారు. మామయ్య తన కూతుర్నీ ఒక రేకు పెట్టెనూ తెచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళాడు. ఆ పిల్ల నాకంటే ఆరు నెలలు చిన్నది. బంధుత్వం ప్రకారం నన్ను వదినా అని పిలవాలి. మొదటి రోజు నుంచే పిలిచింది. నోట్లో నాలుక లేని పిల్ల. పెట్టింది తినేది, చెప్పిన చోట పడుకునేది. ఇంట్లో అందరికీ అది తెగ నచ్చేసింది, అందుకే నాకు నచ్చలేదు.

మా అమ్మ పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుని మాకు జడలు వేసేది. ముందు నేను. "కదలకు. కుదురుగా ఉండి చావు. ఈ చిక్కేంటే, కాకి గూడు పెట్టిందా? నీ జుట్టు దువ్వలేక నా చేతులు పడిపోతున్నాయి," అని తిడుతూ, నెత్తి మీద దువ్వెనతో ఒకటిచ్చి మరీ వేసేది. నా తర్వాత దాని వంతు. దాని జుట్టు ముట్టుకునేసరికి అమ్మ చెయ్యే మారిపోయేది. మెల్లగా చిక్కు తీసేది. "నొప్పి పుడుతోందా అమ్మా?" అని అడిగేది. నేను అరుగు చివర కూర్చుని వాళ్ళిద్దర్నీ చూస్తూ గోళ్ళు కొరుక్కునేదాన్ని.

అయినా పోనీ అనుకున్నాను. అమ్మను పంచుకుంటే పంచుకుంది, కొమ్మ మాత్రం నాదే కదా అని.

ఒకరోజు కొమ్మ వంచి పట్టుకున్నాను. తాతయ్య ముడి వేస్తున్నాడు. మోచేతి మీద ఎర్ర చీమ కుట్టింది. చెయ్యి వదిలేశాను. కొమ్మ రివ్వున లేచి తాతయ్య మొహానికి తగిలింది. కళ్ళజోడు ఎగిరి గట్టు అవతల కాలువ బురదలో పడింది. ఇద్దరం మోకాలి లోతు బురదలో దిగి వెతికాం. దొరికింది గానీ ఒక అద్దం చిట్లిపోయింది. తాతయ్య ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆయన తాళ్ళ చుట్ట భుజాన వేసుకుని, చిట్లిన కళ్ళజోడులోంచి నన్ను దాటి ఆ పిల్ల వైపు చూసి, "రామ్మా, నువ్వొకసారి పట్టు చూద్దాం," అన్నాడు.

అది పట్టింది. చీమలు దాన్నీ కుట్టాయి. పెదవి కొరుక్కుని నిలబడింది గానీ కొమ్మ వదలలేదు. తాతయ్య ఆ చేతి మీద దద్దుర్లు చూసి, సున్నం రాసి, ఇంటికొచ్చి అందరి ముందూ, "దీని హస్తవాసి మంచిది," అన్నాడు. ఆ మాట నా గురించి ఎప్పుడూ అనలేదు. ఆ రోజు ఎండు రొయ్యలు వేసి గోంగూర వండారు. నాకు ప్రాణమైన కూర. నేను అన్నం తినలేదు. ఎవరూ గమనించకపోవడంతో సాయంత్రం గిన్నె అడుగు నాకేసి పడుకున్నాను.

నా మొహం మాడిపోవడం తాతయ్య చూశాడో ఏమో, రెండు రోజుల తర్వాత మా ఇద్దర్నీ తోట చివరికి తీసుకెళ్ళాడు. అక్కడ పక్కపక్కన రెండు జామ చెట్లు ఉన్నాయి. ఒకే రోజు పాతినవి, ఒకే ఎత్తు.

"ఇది నీది, అది దానిది. మీరే వంచుకోండి. ఏది ముందు కాస్తే ఈ ఏడు కోత పండక్కి గుడిలోకి దాని కాయలే వెళ్తాయి. ఎవరి చెట్టో వాళ్ళే పళ్ళెం పట్టాలి," అన్నాడు.

మేము చర్చిని గుడి అనే అంటాం. వరి కోతలయ్యాక ఒక ఆదివారం కోత పండుగ. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చేవారు. కొత్త వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు. ఇంటికి ఒక పిల్ల గానీ పిల్లాడు గానీ పళ్ళెం పట్టుకుని, అందరూ పాడుతుంటే నడిచి వెళ్ళి బలిపీఠం ముందు పెట్టాలి. అంతకుముందు రెండేళ్ళూ అన్నయ్య పట్టాడు. ఈసారి నేనేనని నా ఆశలన్నీ దాని మీదే పెట్టుకుని ఉన్నాను. లేత గులాబీ రంగు వాయిల్ గుడ్డతో అమ్మ నాకు గౌను కూడా కత్తిరించి పెట్టింది. ఇప్పుడు అదంతా ఒక చెట్టు చేతిలోకి వెళ్ళిపోయింది.

"ఒక్కసారిగా గుంజకండి. రోజుకి రెండు వేళ్ళు. సాయంత్రం ఒకసారి వదులు చెయ్యండి. దానికీ ఒళ్ళు నొప్పులుంటాయి," అని చెప్పి తాతయ్య వెళ్ళిపోయాడు.

నాకు రెండు వేళ్ళు ఏం సరిపోతాయి? మొదటి రోజే జానెడు లాగాను.

ఎండాకాలం మధ్యాహ్నాలు ఊరంతా పడుకునేది. తాతయ్య తోటలో పాక ముందు నులక మంచం మీద, మొహాన తడి తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. పాక పక్కన కుండ మీద తడిగుడ్డ, దాని మీద వాలిన కందిరీగలు, తాటాకు వాసన. అంతటా నిశ్శబ్దం. రెండో రోజు మధ్యాహ్నం నేను తోటలోకి వెళ్ళి దాని చెట్టు తాళ్ళు విప్పేశాను.

విప్పగానే కొమ్మలు పైకి లేచాయి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తర్వాత నా చెట్టు దగ్గరికి వచ్చి తాళ్ళు ఇంకా బిగించాను.

మర్నాడు పొద్దున్న అది వచ్చి చూసుకుంది. ఊడిన తాళ్ళు చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. నేను చీమల పుట్ట చూస్తున్నాను. మళ్ళీ కట్టుకుంది. మధ్యాహ్నం మళ్ళీ విప్పాను. పొద్దున్న మళ్ళీ కట్టింది. అలా ఇరవై రోజులు జరిగి ఉంటుంది. ఒక్కరోజైనా తాతయ్యకు చాడీలు చెబుతుందేమో, అప్పుడైనా అది మంచిపిల్ల కాదని అందరికీ తెలుస్తుందేమో అని ఎదురుచూశాను. చెప్పలేదు. దాని మంచితనం నన్ను దహించేసింది.

తాతయ్య అప్పుడప్పుడు వచ్చి నా తాళ్ళు వేలితో మీటి చూసేవాడు. అవి వీణ తీగల్లా మోగేవి.

"బిగిసిపోయినయ్యే. చీలిపోద్ది," అనేవాడు.

"లేదు తాతయ్యా, బానే ఉంది," అనేదాన్ని.

కాలువకు మళ్ళీ నీళ్ళు వదిలిన వారానికి మొదటి వాన పడింది. గాలితో వచ్చింది. పొద్దున్నే పరుగెత్తుకుంటూ తోటలోకి వెళితే, నా చెట్టు పెద్ద కొమ్మ మాను దగ్గర నుంచి నిలువునా చీలి నేల మీద పడుకుని ఉంది. లోపలి చెక్క తెల్లగా, తడిగా కనిపించింది. దాని చెట్టు కొమ్మలు చక్కగా నాలుగు దిక్కులా చాపుకుని ఉన్నాయి, ఒక్క ఆకైనా నలగలేదు. అప్పటికే కొమ్మల వీపు మీద వరసగా చిగుళ్ళు పొటమరించాయి.

నేను ఏడవలేదు. తాతయ్య పేడా మట్టీ కలిపి చీలిక నిండా మెత్తి, రెండు ముక్కలూ దగ్గరకు నొక్కి, గోనెపట్టా చుట్టి, అరటి నారతో కట్టాడు. కట్టేటప్పుడు కొమ్మ పట్టుకోమని దాన్నే పిలిచాడు. నా చెట్టు కొమ్మ పట్టుకోవడానికి కూడా నేను పనికిరాలేదు.

"బతుకుద్దిలే," అన్నాడు. "ఈ ఏడు మాత్రం కాయదు."

వర్షాకాలమంతా దాని చెట్టు పూత, పిందె, కాయ నేను చూడకుండా ఉండలేక చూశాను. పిందెలు లెక్కపెట్టేదాన్ని. ఒకటి రాలితే పండగ. ఉప్పూ కారం అద్దుకుని రాలిన పిందెల్ని నమిలేదాన్ని, వగరుకి నోరు మొద్దుబారేది. ఎన్ని రాలినా చెట్టు నిండా కాయలే.

కోత పండుగకు ముందు శనివారం మా మేనత్త ఆసుపత్రి నుంచి వచ్చేసింది. మనిషి సగమైపోయింది. ఇంట్లో అందరూ ఆవిడ చుట్టూ చేరి ఏడ్చారు, ప్రార్థన చేశారు. ఆ హడావిడిలోనే అమ్మ నా గులాబీ గౌను పెట్టెలోంచి తీసి దానికి తొడిగి చూసింది.

"అది నాది!" అని అరిచాను.

"దానికి మంచి గౌను లేదు. పళ్ళెం పట్టేది అది. నీకు కిందటేడాదిది ఉందిగా," అంది అమ్మ.

మర్నాడు గుడిలో నా గౌను వేసుకుని, నా పళ్ళెం పట్టుకుని, తన కాయలు పెట్టుకుని అది నడిచింది. పళ్ళెం నిండా లేత పసుపు రంగు జామకాయలు, ఆకులతో సహా కోసినవి. గుడంతా ఆ వాసనే. ఆడవాళ్ళ వైపు గోడకానుకుని కూర్చున్న మేనత్త చూపు దాని మీద నుంచి కదల్లేదు. తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. నేను గట్టిగా కళ్ళు మూసుకుని, పళ్ళెం జారిపోవాలని, కాయలన్నీ పాస్టరు అయ్యగారి కాళ్ళ దగ్గరికి దొర్లిపోవాలని ప్రార్థన చేశాను. పక్కనున్న ముసలమ్మ నా భక్తికి మురిసిపోయి తల నిమిరింది. పళ్ళెం జారలేదు.

వారం తిరక్కుండా అది వాళ్ళమ్మతో వెళ్ళిపోయింది. పై వేసవిలో తాతయ్య మళ్ళీ నన్నే కొమ్మ పట్టమన్నాడు. పట్టాను. కానీ ఆ పనిలో ఉప్పూ కారం లేకుండా పోయింది. నా చెట్టు కట్టు విప్పితే చీలిక చుట్టూ లావుగా కణుపు కట్టి ఉంది. ఆ తర్వాత అది ఎన్నో ఏళ్ళు కాసింది. తాతయ్య పోయాడు. తోట పోయింది. ఇప్పుడక్కడ కాలువ గట్టు మీద సిమెంటు రోడ్డు, గట్టు కింద ప్లాట్లు. పాక ఎక్కడుండేదో వెళ్ళి చూపించమన్నా చూపించలేను.

మొన్న డాబా మీద నేనేం చేశానంటే, ఆ సీసాలన్నీ విప్పేశాను. సగం నీళ్ళు వంపేసి, తాడు కొమ్మ నడుముకు మార్చి, రెండు వేళ్ళు మాత్రం వంచి కట్టాను. కిందికి వచ్చి సాయంత్రం మా మేనత్త కూతురికి ఫోన్ చేశాను. అది పాలకొల్లులో టీచరుగా చేసి రిటైరైంది. ఇంకా నన్ను వదినా అనే పిలుస్తుంది. సీసాల సంగతి చెబితే బాగా నవ్వింది. నవ్వి నవ్వి ఆగిపోయింది.

"వదినా, ఒకటి చెబుతాను. నువ్వు మధ్యాహ్నం పూట నా తాళ్ళు విప్పేదానివి కదా?"

నాకు చెమటలు పట్టాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"నీకెలా తెలుసే?"

"అప్పుడే తెలుసు. తాతయ్య చెప్పాడు. తువ్వాలు కింద నుంచి చూసేవాడంట. 'దాన్నేమీ అనకమ్మా. మధ్యాహ్నం అది విప్పుకోనీ, పొద్దున్నే నువ్వు ఇంకో రెండు వేళ్ళు కిందికి కట్టు. కొమ్మకి రోజూ కాసేపు విశ్రాంతి కావాలి. తెలీకుండా అది మంచి పనే చేత్తంది' అన్నాడు."

ఇన్నేళ్ళూ నేను దాచుకున్న రహస్యం నాది కానే కాదు. ఆ ఎండాకాలమంతా అది వాళ్ళిద్దరిదీ. ఆ కొమ్మలకు విశ్రాంతి ఇచ్చింది నా చేతులే, అయినా హస్తవాసి పేరు దానికే వచ్చింది. సిగ్గుపడాల్సింది పోయి మళ్ళీ కుళ్ళుకున్నాను.

"మరి నా చెట్టు చీలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాడా మీ తాతయ్య?" అన్నాను. మీ తాతయ్య అనే అన్నాను.

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"ఊరుకోలేదు. నీ తాళ్ళు సాయంత్రం పూట వదులు చెయ్యమని నాకు చెప్పాడు. 'నా మాట వినట్లేదది. నువ్వు గుట్టుగా చెయ్యి' అన్నాడు. రోజూ అడిగేవాడు. చేశాను తాతయ్యా అనేదాన్ని. ఒక్కరోజు కూడా చెయ్యలేదు వదినా."

"నువ్వా?"

"నేనే. అది చీలిపోతుందని నాకు తెలుసు."

"ఎందుకే?"

"పొద్దున్నే అత్తయ్య మనకి జడలు వేసేది, గుర్తుందా? నాకు మెల్లగా వేసేది. నొప్పి పుడుతోందా అని అడిగేది. నిన్నేమో తిట్టి, నెత్తి మీద కొట్టి మరీ వేసేది. మా అమ్మ కూడా నాకు అలాగే తిడుతూ వేసేది. మీ ఇంట్లో ఉన్న అన్ని నెలల్లో నన్ను ఒక్కళ్ళు కూడా తిట్టలేదు వదినా. నిన్ను తిడుతుంటే వినలేకపోయేదాన్ని."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. అరుగు చివర గోళ్ళు కొరుక్కుంటున్న పిల్ల కనిపించింది. ఆ అరుగు మీద నేనొక్కదాన్నే కుళ్ళుకుంటున్నానని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

"దొంగమొహమా," అన్నాను చివరికి.

అవతల అది నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఇంకోసారి తిట్టు వదినా," అంది.

తిట్టాను. మా అమ్మ తిట్లన్నీ గుర్తు తెచ్చుకుని, ఒక జడ వేసినంతసేపు తిట్టాను.